మన మేడల కాళ్ళకు బలమెంత?

మన ఉత్తరాంధ్ర వాళ్ళకు గాలి అంటే భయం, నీరు అంటే భయం. నేల మీద మాత్రం గొప్ప నమ్మకం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి ఏం చెయ్యగలదో కళ్ళారా చూశాం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి ఉద్దానం కొబ్బరి తోటలనూ జీడితోటలనూ నేలకూల్చింది. నాగావళికీ వంశధారకూ వరద వస్తే పొలాల్లో ఇసుక మేటలు వెయ్యడం రైతు కుటుంబాల వాళ్ళకు కొత్త కాదు. ఈ భయాల వల్లనే తాటాకు ఇల్లు పోయి పెంకుటిల్లు, పెంకుటిల్లు పోయి శ్లాబు ఇల్లు వచ్చాయి. గాలికి ఎగరని కప్పు కావాలనుకున్నాం, అప్పో సప్పో చేసి కట్టుకున్నాం. మంచిదే. అయితే ఆ కప్పును మోస్తున్న స్తంభాలు నేల కదిలిన రోజున నిలబడతాయా అనే ప్రశ్న మనలో ఎందరం వేసుకున్నాం? నేను సివిల్ ఇంజనీర్ని కాను, బి.యస్సీ. చదువుతున్న రైతుబిడ్డను. అయినా విద్యార్థి మిత్రుల ముందు, అధ్యాపకుల ముందు, ఇక్కడ చదివి వెళ్ళి ఇళ్ళూ వాకిళ్ళూ కట్టుకున్న పూర్వవిద్యార్థుల ముందు ఈ ప్రశ్న పెట్టదలిచాను.

“మనకాడ భూకంపాలేటిరా బాబూ, తుపాన్లే గానీ!” అని మా ఊళ్ళో పెద్దలంటారు. పట్నంలో చదువుకున్నవాళ్ళు ఇదే మాటను కాస్త నాజూకుగా “మనది సురక్షిత ప్రాంతం” అంటారు. భారత ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 1893 అనే నియమావళి 2002, 2016 ప్రతుల్లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండవ భూకంప మండలంలో, అంటే అన్నింటికన్నా తక్కువ ప్రమాదమున్న మండలంలో ఉన్న మాట నిజమే. కాని తక్కువ ప్రమాదం అంటే ప్రమాదమే లేదని అర్థం కాదు. భూకంపాల పట్టికల్లో 1917 ఏప్రిల్ నాటి విజయనగరం భూకంపం ఉంది. దాని తీవ్రత సుమారు 5.5. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం కదిలాయి. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో వచ్చిన భూకంపానికి తూర్పు తీరమంతా ఊగింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన కుదుపు తెలంగాణలోనే కాక ఆంధ్రలోనూ తెలిసింది.

ఇవన్నీ చిన్నవే కదా అంటారేమో. మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి గ్రామాన్ని తలచుకోండి. అప్పటి పటంలో ఆ ప్రాంతం ఒకటవ మండలంలో ఉండేది. అంతకన్నా తక్కువ మండలం ఆ పటంలో లేదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 6.2 తీవ్రతతో భూమి కదిలితే దాదాపు పదివేలమంది ప్రాణాలు పోయాయి. వినాయక నిమజ్జనం చేసి వచ్చి పడుకున్న జనం పడుకున్నట్టే రాళ్ళ కింద ఉండిపోయారు. అక్కడ మనుషుల్ని చంపినవి మట్టి అడుసుతో పేర్చిన బరువైన రాతి గోడలు. పటం మీది రంగు వాళ్ళను కాపాడలేకపోయింది. మంచి గోడలుంటే కాపాడి ఉండేవి.

ఇక మన పట్టణాల వంక చూద్దాం. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి బయలుదేరండి, లేదా విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నిలబడండి. కొత్తగా లేచిన మేడల్లో చాలావాటికి పైన మూడు నాలుగు అంతస్తుల నిండా గదులు, గదుల నిండా ఇటుక గోడలు. కింద మాత్రం బోసి స్తంభాలు. అక్కడ స్కూటర్లు, కార్లు పెడతారు. వీధి వైపు దుకాణాలుంటే షట్టర్లు తప్ప గోడ ఉండదు. నేను అద్దెకుంటున్న గది అలాంటి మేడలో మూడో అంతస్తున ఉంది. కింద మొదట ఒక గోడ ఉండేదట. దుకాణం వెడల్పు చెయ్యడానికి దాన్ని కొట్టేశారని పాత కిరాయిదార్లు చెబుతారు. ఆ గోడ పోతే ఏమయిందని అడిగినవాళ్ళు లేరు. శ్లాబు కిందపడలేదు గదా!

ఏమవుతుందో అహమదాబాదు చెప్పింది. 2001 జనవరి 26 ఉదయం, గణతంత్ర దినోత్సవం నాడు, కచ్ ప్రాంతంలో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. భూకంప కేంద్రం అహమదాబాదుకు సుమారు 225 కిలోమీటర్ల దూరాన ఉంది. మన లెక్కలో చెప్పాలంటే శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాటి ఇంకా చాలా దూరం పోవాలి. అంత దూరాన ఉండి కూడా అహమదాబాదులో నూరుకు పైగా ఆర్.సి.సి. భవనాలు కూలిపోయాయి. అవి కింది అంతస్తులో గోడలు లేకుండా స్తంభాల మీద నిలబెట్టిన మేడలు. అవి పాత కొంపలు కావు. ఇంజనీర్లు గీసినవి, సిమెంటూ ఇనుమూ పోసినవి. ఆ నగరంలో సబర్మతి నది వేసిన ఒండ్రు నేల కుదుపును మరింత పెంచింది. మన శ్రీకాకుళం కూడా నాగావళి ఒడ్డున, నది తెచ్చి వేసిన మట్టి మీదే ఉందన్న సంగతి మరిచిపోకూడదు.

గోడ లేకపోతే స్తంభం ఎందుకు విరుగుతుంది? దీనికి పెద్ద గణితం అక్కర్లేదు. మొక్కజొన్న చేలో మంచె కట్టిన రైతునడగండి. నాలుగు గుంజలు పాతి పైన పలక వేస్తే మంచె అయిపోదు. మనిషి ఎక్కి అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు ఊగుతుంది. అందుకని గుంజకీ గుంజకీ మధ్య మూలనుంచి మూలకు ఏటవాలుగా ఒక కర్ర కడతారు. అప్పుడు మంచె బిగుస్తుంది. ఆర్.సి.సి. భవనంలో రెండు స్తంభాలు, పైనొక దూలం, కిందొక దూలం కలిసి ఒక గడి. నేల పక్కకు కదిలితే ఆ గడి నలుచదరం పోయి వాలిన పెట్టెలాగా అవుతుంది. ఆ గడిలో ఇటుక గోడ బిగువుగా నింపి ఉంటే గోడ వాలనివ్వదు. ఒక మూల నుంచి ఎదురు మూలకు నొక్కుడు పడుతుంది. గోడ మధ్యలో కనబడని ఏటవాలు కర్ర ఒకటి పనిచేస్తుందన్నమాట. పై అంతస్తులన్నిటికీ ఆ కర్ర ఉండి కింది అంతస్తుకు లేకపోతే, పైభాగమంతా ఒకే దిమ్మలాగా కదులుతుంది. వాలవలసినదంతా కింది స్తంభాలే వాలాలి. బలమంతా వాటి తలల దగ్గరా కాళ్ళ దగ్గరా పడుతుంది. అక్కడే అవి నలిగిపోతాయి. లోలకాన్ని తలకిందులుగా నిలబెడితే ఎలా ఉంటుందో ఈ మేడ అలా ఉంటుంది.

సైన్సు విద్యార్థులకు ఒక చిన్న లెక్క. 12 మీటర్ల ఎత్తు, 16 మీటర్ల పొడవు గల భవనాన్ని తీసుకుందాం. ఐ.ఎస్. 1893లోని సూత్రాల ప్రకారం గోడలు లేని వట్టి చట్రం ఒక్కసారి ఊగి రావడానికి సుమారు 0.48 సెకన్లు పడుతుంది. గోడలు నింపితే అదే భవనానికి సుమారు 0.27 సెకన్లు. ద్రవ్యరాశి మారకపోతే గట్టితనం ఊగుకాలపు వర్గానికి విలోమం కాబట్టి, గోడలు నింపిన చట్రం దాదాపు మూడు రెట్లు గట్టిది. ఇక పైన మూడు రెట్లు గట్టిగా, కింద వట్టిగా కట్టిన మేడ సంగతి మీరే ఊహించండి.

మా అక్క భర్త తాపీ మేస్త్రి. ఈ సంగతి చెబితే నవ్వి, “ఇంజినీరు గోడని బరువుగానే లెక్కేత్తాడు గానీ బలంగా ఎవుడు లెక్కేత్తాడు బావా?” అన్నాడు. అతను చెప్పింది ముమ్మాటికీ నిజం. చాలాకాలం నుంచి మన దేశంలో లెక్క అలాగే సాగింది. గోడ బరువును దూలం మీద వేస్తారు, గోడ ఇచ్చే సాయాన్ని వదిలేస్తారు. కాని గోడ చేసే మేలును కాన్పూరు ఐ.ఐ.టి.లో ప్రయోగాలతో చూపించారు. ఇటుక గోడ నింపిన చట్రానికి గట్టితనం, బలం, శక్తిని ఇముడ్చుకునే గుణం పెరుగుతాయని ప్రొఫెసర్లు సి.వి.ఆర్. మూర్తి, సుధీర్ కె. జైన్ 2000వ సంవత్సరంలో ఆక్లండ్‌లో జరిగిన ప్రపంచ భూకంప ఇంజనీరింగ్ సదస్సులో వివరించారు. మరుసటి ఏడే అహమదాబాదు కూలింది. 2002లో నియమావళిని సవరించి, గోడలు లేని కింది అంతస్తు స్తంభాలనూ దూలాలనూ మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి తట్టుకునేలా కట్టాలన్నారు. 2016 ప్రతిలో గోడను ఏటవాలు కర్రగా భావించి లెక్కలోకి తీసుకునే పద్ధతి కూడా చేర్చారు. అంటే మంచె కట్టిన రైతు బుద్ధి పుస్తకంలోకి ఎక్కింది.

కొత్త భవనం సంగతి సరే. ఇప్పటికే కట్టేసిన వాటి మాటేమిటి? కూలగొట్టి మళ్ళీ కట్టమంటే ఎవరూ వినరు, వినలేరు కూడా. ఇక్కడే గోడ మనకు అక్కరకొస్తుంది. కింది అంతస్తులో ఎంచిన కొన్ని గడుల్లో గోడలు నింపి పాత భవనాన్ని బలపరచవచ్చు. ఇందుకు మూడు మార్గాలు చెబుతారు. మొదటిది, మంచి సిమెంటు పాళ్ళతో స్తంభానికీ దూలానికీ సందు లేకుండా ఇటుక గోడ కట్టడం. పైన దూలం కింద వేలెడు సందు వదిలేస్తే ఆ గోడ ఉన్నా లేనట్టే. రెండవది, ఉన్న గోడకు రెండువైపులా ఇనుప జల్లెడ తొడిగి, గోడలోంచి అటూ ఇటూ ఇనుప ముక్కలు గుచ్చి బిగించి, దాని మీద సిమెంటు పూత వెయ్యడం. ఉత్త ఇటుక గోడ పెళుసు. పెద్ద కుదుపుకు పగిలి ముక్కలుగా రాలి మనిషి మీద పడవచ్చు. జల్లెడ దాన్ని పట్టి ఉంచుతుంది. మూడవది, అన్నిటికన్నా గట్టిది: స్తంభాల్లో, దూలాల్లో రంధ్రాలు తొలిచి, జిగురు మందుతో ఇనుప చువ్వలు నాటి, వాటికి చువ్వల చట్రం కట్టి, గడి నిండా కాంక్రీటు పొయ్యడం. జపాను వాళ్ళు, టర్కీ వాళ్ళు పాత భవనాలను ఇలా బలపరిచారు. అంకారాలోని మిడిల్ ఈస్ట్ టెక్నికల్ యూనివర్సిటీ ఈ పద్ధతి మీద దశాబ్దాల తరబడి పనిచేసింది. 1995లో కోబె నగరం దెబ్బతిన్న తర్వాత జపాను చట్టం చేసి మరీ, ముందుగా బడి భవనాల మీద చెయ్యి వేసింది. బడి ముందు అన్న ఆ వరుసను మనం గమనించాలి.

అయితే గోడ పెట్టడమంటే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఇటుకలు పేర్చడం కాదు. తెలియక పెట్టిన గోడ మేలు బదులు కీడు చేస్తుంది. ఒక పక్కనే గోడలుండి వీధి వైపు ఏమీ లేకపోతే, కుదుపు వచ్చినప్పుడు భవనం మెలితిరుగుతుంది. కాబట్టి నాలుగు దిక్కులా సమతూకంగా, పొడవు వైపూ వెడల్పు వైపూ కూడా గోడలుండాలి. కొత్త గోడ కింద పునాది ఉండాలి. గచ్చు మీద నిలబెట్టిన గోడ ఏం మోస్తుంది? భవనం గట్టిపడిన కొద్దీ దాని మీదికి వచ్చే భూకంప బలం కూడా పెరగవచ్చు గనుక, ఏ గడులు నింపాలో ఇంజనీరు లెక్క వేసి చెప్పాలి. ఇంకొక సంగతి మన కళాశాలల్లోనూ బడుల్లోనూ రోజూ కనిపించేదే. వరండా స్తంభాల మధ్య నడుమెత్తు గోడ కట్టి పైన ఖాళీ వదులుతారు. మనం దాని మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. ఆ గోడ స్తంభం కింది సగాన్ని కదలనివ్వదు. మిగిలిన పైసగం పొట్టి స్తంభమై, వంగవలసిన చోట వంగలేక, అడ్డంగా తెగిపోతుంది. భూకంప ఇంజనీర్లు అన్ని దేశాల్లో చూసిన దెబ్బ ఇది. గోడ నింపితే పూర్తిగా నింపాలి, లేదా స్తంభానికి అంటకుండా కొంచెం ఎడం వదలాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. “కారెక్కడ పెట్టుకోవాలి?” అంటారు. కింది అంతస్తులో గడులన్నీ మూసెయ్యమని ఎవరూ అనడం లేదు. మెట్ల చుట్టూ, వెనక వైపు, రెండు పక్కలా ఎంచిన గడులు నింపినా కారు రావడానికి దారి మిగులుతుంది. “ఖర్చు” అంటారు. గేటుకూ ముఖద్వారపు రాళ్ళకూ పెట్టే ఖర్చును ఎవరూ ఖర్చనరు. “రూలు లేదు గదా” అంటారు. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. కాంక్రీటులో ఇనుము ఎలా కట్టాలో చెప్పే ఐ.ఎస్. 13920 నియమావళి 2016 ప్రతి మూడు, నాలుగు, అయిదు మండలాల్లో తప్పనిసరి. రెండవ మండలంలో ఐచ్ఛికం. ఐచ్ఛికం అన్నదాన్ని మనం అనవసరం అని చదువుకున్నాం. స్తంభంలో రింగు కొసను 135 డిగ్రీలకు వంచి లోపలికి దించమని ఆ పుస్తకం చెబుతుంది. 90 డిగ్రీలకు వంచి వదిలేస్తే కుదుపులో రింగు విచ్చుకుంటుంది. ఆ కాస్త వంపుకు అయ్యే ఇనుము ఎంత? అది కూడా మనకు ఐచ్ఛికమేనా?

గోడ నింపకూడని చోట్లు కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి. మన తీరం వెంబడి తుపాను రక్షణ భవనాలను ఉప్పెన నీరు కింద నుంచి పోవడానికే స్తంభాల మీద నిలబెట్టారు. అక్కడ గడులు మూసేస్తే నీటి తాకిడికి అడ్డం నిలిచినట్టవుతుంది. అటువంటి చోట స్తంభాలనే చుట్టూ కాంక్రీటు తొడిగి లావు చెయ్యాలి. ఏ ప్రమాదానికి ఏ మందో చూసుకుని వెయ్యాలి.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ దేశంలో మేడలు కడుతున్న చేతులు చాలావరకు మనవాళ్ళవి. వాన ముఖం చాటేసిన ఏడు, పంట గిట్టని ఏడు మన రెండు జిల్లాల నుంచి జనం హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు వెళ్ళి సెంట్రింగు కడతారు, ఇనుము వంచుతారు, కాంక్రీటు మోస్తారు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కట్టుబడిలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వలస కూలీలు ఎందరో ఉన్నారు. అది భూకంపం కాదు, నేల కదలనే లేదు. కాని భవనం అంటే ఏమిటో, దాని కాళ్ళు బలహీనమైతే ఎవరు చస్తారో మన పల్లెలకు అర్థమైన రోజు అది. పునాది తవ్వినవాడికీ, రింగు వంచినవాడికీ, ఇటుక పేర్చినవాడికీ తాను చేస్తున్న పని ప్రాణం నిలబెట్టేదని ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? చెప్పలేదు. చదువుకున్న మనం చెప్పాలి.

అందుకని మన విద్యార్థి సంఘం వారికి మూడు పనులు సూచిస్తున్నాను. మొదటిది, ఇంజనీరింగు కళాశాలల మిత్రులను కలుపుకుని, మన విద్యార్థులు ఉంటున్న హాస్టళ్ళనూ అద్దె మేడలనూ ఒకసారి తిరిగి చూడడం. అడగవలసినవి నాలుగే ప్రశ్నలు: కింది అంతస్తులో గోడలున్నాయా? ఉంటే అన్ని దిక్కులా ఉన్నాయా? స్తంభాల మధ్య సగం గోడలున్నాయా? ఉన్న గోడ ఎక్కడైనా తీసేశారా? ఇందుకు కొలటేపు, నోటుపుస్తకం చాలు. రెండవది, మన కళాశాలలో స్తంభాల మీద నిలిచిన పాత భవనాలను అనుభవజ్ఞులైన ఇంజనీర్ల చేత పరీక్ష చేయించమని అధికారులను కోరడం. రంగులు వేయించమని అడిగే హక్కు మనకు ఉన్నప్పుడు, గోడ వేయించమని అడిగే హక్కు కూడా ఉంది. మూడవది, సంక్రాంతికి వలస వెళ్ళినవాళ్ళంతా ఊళ్ళకు వస్తారు. ముక్కనుమ వెళ్ళిన మర్నాడు ఏదో ఒక ఊరి రచ్చబండ దగ్గర మేస్త్రీలను, కూలీలను పిలిచి, రింగు ఎలా వంచాలో, గడి ఎలా నింపాలో నాలుగు కర్రలతో మంచె కట్టి చూపించడం. వాళ్ళకు అర్థం కాదేమోనని సందేహం వద్దు. మనకన్నా ముందు వాళ్ళకే అర్థమవుతుంది.

భూకంపం ఎప్పుడు వస్తుందో చెప్పే శాస్త్రం ఇంకా పుట్టలేదు. తుపానుకైతే రెండురోజుల ముందు హెచ్చరిక వస్తుంది, మూటాముల్లే సర్దుకుని పోవచ్చు. దీనికి ఆ వ్యవధి ఉండదు. ఉన్న ఇంట్లో, కూర్చున్న తరగతిలో, పడుకున్న గదిలోనే మనం దొరుకుతాం. ముందుగా చెయ్యగలిగింది గోడ పని ఒక్కటే. వచ్చే సంవత్సరం ఈ సంచికలో ఏ మేడ కింద ఎన్ని గడులు నింపారో ఒక పట్టిక అచ్చవుతుందని ఆశిస్తున్నాను. ఆ పట్టికలో మొదటి పేరు మన హాస్టలుదే కావాలని నా కోరిక.